అగస్త్యుని క్రింద రెండు రాత్రులు



శుక్రవారపు సాయంకాలము కార్యాలయముల తలుపులు మూతపడిన పిమ్మట, మెల్‌బోర్న్ మహానగరమునుండి ఈశాన్యముగా కొండలవైపు పోవు రాజమార్గము ప్రక్కన నిలిచి చూచినవారికి, వారము పొడుగునను కనబడని యొక వాహనశ్రేణి కనబడును. ఎత్తైన చక్రములు, పైకప్పున బిగించిన కాన్వాసు చుట్టలు, వెనుక తగిలించిన పొడవు కామగల పార, కిటికీలలోనుండి తొంగిచూచు పిల్లలు, వారి నడుమ నొక కుక్క: ఇట్లు బారులు తీరి సాగు ఆ బండ్లన్నియు 'బుష్షు'నకు పోవుచున్నవి. బుష్ అనగా పొద యని మనము బడిలో నేర్చుకొంటిమి గాని, ఆస్ట్రేలియావారి నోట ఆ మాటకు ఊరి పొలిమేర దాటినది మొదలు కనుచూపు మేర వ్యాపించిన అడవి, కొండ, ఏరు, బీడు, సమస్తమును అర్థమే. ఈ దేశమునకు వచ్చిన తొలి ఆరేండ్లును నేను ఆ శ్రేణిని చూచుచుంటినే కాని, అందులో కలియవచ్చునను తలంపు నాకు రాలేదు. అది కలిగినవారి వేడుక యని నా నమ్మకము.

ఆ నమ్మకము నిష్కారణమైనది కాదు. ఇచ్చటి దుకాణములలో అడవి ప్రయాణమునకై అమ్మజూపు వస్తువులను వరుసగా చూచినచో సామాన్య గృహస్థునకు గుండె జారును. బండి పైకప్పున విచ్చుకొను గుడారము, బండి బ్యాటరీతో నడచు శీతలపేటిక, ముందుభాగమున ఇనుప తీగ చుట్టిన వించి, సూర్యకాంతి ఫలకములు, ఇవన్నియు కొనుటకు వలయు డాలర్లతో మరియొక పాతబండి కొనవచ్చును. కాని నా అనుభవమునుబట్టి నేను నిశ్చయముగా చెప్పగలను: తక్కువ ఖర్చుతో అడవికి పోగోరువాడు ఆ జాబితాలో తొంబదిపాళ్ళు మానుకొనవచ్చును, మిగిలిన పదిపాళ్ళలో మాత్రము ఒక్క కాసయినను మిగుల్చుకొనజూడరాదు. ఏవి మానుకొనవచ్చును, ఏవి మానుకొనరాదు అను ఆ వివేకమునే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా బండి మాట. నాలుగు చక్రములకును ఇంజను బలమునందించునదియు, 'లో రేంజ్' అను తక్కువ వేగపు గేర్లు కలదియు అయిన బండి పాతదైనను చాలును. మాది ఇరువదేండ్ల నాటి పజెరో. అంతకంటె చిన్నబండ్లును తీసిపోవు. 1985లో మన దేశమున విడుదలై పోలీసులును సైనికులును నడపిన మారుతీ జిప్సీ మనకందరకును పరిచితమే కదా. దాని తోబుట్టువే ఇచ్చట సుజుకీ సియెరా యను పేరుతో అమ్ముడుపోయి, నేటికిని కొండబాటలలో కనబడుచున్నది. దాని తరువాతి తరమైన జిమ్నీలో అయిదు తలుపుల రకము గురుగ్రామములో తయారై సముద్రము దాటి ఈ దేశమునకు వచ్చుచున్నది. బరువు తక్కువైన బండి పెద్దబండ్లు దిగబడిన బురదమీద సైతము తేలికగా సాగిపోవుటను నేను కన్నులార చూచితిని. కావున బండి విషయమున ఆడంబరము అక్కరలేదు. అయితే చక్రముల రబ్బరు, బ్రేకులు, ఇంజను నీరు, ఈ మూడింటిని బయలుదేరుటకు ముందే మెకానిక్కుచేత చూపించుట తప్పనిసరి.

మేము మొట్టమొదట పోయినది హౌక్వా నదీలోయ. మార్చి నెలలో కార్మిక దినోత్సవమునకు వచ్చు మూడుదినముల సెలవు అది. మేము రెండు రాత్రులకై పోతిమి. మెల్‌బోర్న్‌కు రమారమి రెండువందల కిలోమీటర్ల దూరమున మాన్స్‌ఫీల్డ్ అను చిన్నపట్టణము కలదు. అది టాంగురుంగ్ అను ఆదిమజాతివారి పురాతన భూమి. అక్కడనుండి మెరిజిగ్ గ్రామము మీదుగా పోయి, తారురోడ్డు విడిచి, మట్టిబాటను పట్టి కొండ దాటి దిగినచో, ఏటిగట్టున పచ్చిక పరచిన 'షీప్‌యార్డ్ ఫ్లాట్' అను మైదానము వచ్చును. అచ్చట గుడారము వేసికొనుటకు రుసుము లేదు, ముందుగా పేరు వ్రాయించుకొనవలసిన పనియు లేదు. ముందువచ్చినవారికి ముందు చోటు. విక్టోరియా రాష్ట్రమున ఇట్టి ఉచితస్థలములు అనేకములు కలవు. ప్రభుత్వపు అడవులలో సాధారణముగా విడిదికి పైకము పుచ్చుకొనరు. మా రెండు దినముల వ్యయములో పెద్దభాగము అరువది లీటర్ల ఇంధనమునకే అయినదన్నచో మీరు నమ్మవలెను.

చీకటి పడువేళ ఆ బాటలమీద వేగముగా పోరాదు. సంధ్యాసమయమునను తెల్లవారుజామునను కంగారూలు మేతకై వెలుపలికి వచ్చి, దీపముల వెలుగుచూచి బెదరి, బండికడ్డముగా దుమికును. మేము పొద్దు క్రుంకక ముందే చేరవలెనను తొందరలో మధ్యాహ్నమే బయలుదేరితిమి.

చేరిన వెంటనే నేను చేసిన మొదటిపని ఒక మహావృక్షపు నీడను వెదకి గుడారము విప్పుట. మన దేశపు మనిషికి చెట్టునీడ యన్న తల్లిఒడితో సమానము కదా. ఆ చెట్టును చూచి నేనెంత సంతోషించితినో చెప్పజాలను, ఏలయన అది మా ఖమ్మము ప్రాంతపు మనిషికి చుట్టము వంటిది. కాగితపు మిల్లులకై మా వైపున వరుసలు తీర్చి పెంచు జామాయిల్ చెట్టును బాల్యమునుండి ఎరుగుదును. బొంగువలె సన్నగా ఎదిగి, నాలుగైదేండ్లకే గొడ్డలికి లొంగిపోవుటయే దాని జీవితమనుకొంటిని. దాని పుట్టినిల్లైన ఈ ఖండమున ఆ జాతి ఎంతటి మహిమతో బ్రతుకుచున్నదో చూచినప్పుడు నాకు నోట మాట రాలేదు. అందులో ఒక రకము, 'మౌంటెన్ యాష్' అనునది, తొంబది మీటర్లకు పైగా పెరిగి, లోకమున పూచు చెట్లన్నింటిలోను ఎత్తైనదిగా ప్రసిద్ధి కెక్కినది. మరియొక రకము మంచుకొండల నెత్తిన వంకరలు తిరిగి, తెలుపును ఎరుపును ఆకుపచ్చయు కలసిన చారల బెరడుతో నిలుచును.

నేను మేకు కొట్టబోవుచుండగా మాతో వచ్చిన మా వీధి పెద్దమనిషి, డెబ్బదేండ్లు దాటిన వడ్రంగి, పరుగున వచ్చి నా చేయి పట్టుకొని, "పైకి చూడు నాయనా" అనెను. చూచితిని. ఏనుగు తొండమంత కొమ్మలు మూడు మా తలలమీదుగా చాచుకొని యున్నవి. గాలియైనను లేని ఎండపూట, ఏ హెచ్చరికయు లేకుండ, ఈ చెట్లు బరువైన కొమ్మలను విడిచివేయును. వాటిక్రింద నిదురించి మరణించినవారు కలరు. వాటికి ఇచ్చటివారు పెట్టిన పేరు 'విడో మేకర్', అనగా ఇల్లాలి పసుపుకుంకుమలు తుడుచునది. మేము గుడారమును ముప్పది అడుగుల దూరమున బయలులోనికి మార్చుకొంటిమి. చెట్టునీడ పగలు కూర్చుండుటకే గాని రాత్రి పండుకొనుటకు కాదని నాకు ఆనాడే బోధపడినది.

ఆ కొండలోయలో మార్చి మాసమునను రాత్రులు చలిగా నుండును. చలి పైనుండి వచ్చునని అందరును అనుకొందురు. నిజమునకు అది నేలనుండి వచ్చి వెన్నును పట్టును. కావున మీదకప్పు దుప్పటికంటె క్రిందపరచు పరుపు ముఖ్యము. ఇచ్చటివారు 'స్వాగ్' అను కాన్వాసు పడకచుట్టను వాడుదురు. పూర్వము పనివెదకుకొనుచు ఊరూర తిరిగిన కూలివారు దానిని భుజమున మోసికొనిపోయిరి. కొత్తది కొనుటకు మాకు చేయి రాలేదు. పాతవస్తువులమ్ము ధర్మాదాయ దుకాణములలో, వీటిని 'ఆప్‌షాప్' అందురు, రెండు దళసరి నురుగు పరుపులు దొరకినవి. వానిమీద మా అత్తగారు పాత నేతచీరలు పొరలుపొరలుగా పేర్చి కుట్టి పంపిన బొంత పరచితిమి. మంచు పడిన ఆ రాత్రి పిల్లలు దానిలో ముడుచుకొని తెల్లవారుదాక కదలలేదు.

మరునాడు కొండబాట ఎక్కుటకు ముందు మా వడ్రంగి తాతగారు చేసిన పని నాకు మొదట వింతగా తోచినది. చక్రములలోని గాలిని బుస్సుమని విడిచివేయసాగెను. గాలి నిండుగా నుండుటయే క్షేమమని ఎరిగిన వాడనగుటచే నేను వారింపబోగా, ఆయన తారురోడ్డుమీద 38 పౌండ్లున్న గాలిని 26 పౌండ్లకు తగ్గించి, గేజితో కొలిచి చూపి, కారణము వివరించెను. ఇది మిక్కిలి విలువైన విషయము గనుక కొంచెము నిలిచి చెప్పెదను. గాలి నిండిన చక్రము రోకలివలె కొద్దిచోటనే నేలను తాకి, మెత్తని చోట మొనదిగును. గట్టిరాతి అంచు తగిలినప్పుడు వంగక చిట్లును. గాలి తగ్గించినచో ఆ రబ్బరు నిడుపుగా పరచుకొని చేటవలె నేలను పట్టును, రాయి తగిలినచోట లోనికి ఒదిగి మరల పొంగును. ఇసుకనేలపై 18 పౌండ్లవరకును దింపుదురు. అట్లు దింపినప్పుడు వేగమును కూడ దింపవలెను, మలుపులలో హఠాత్తుగా త్రిప్పరాదు; తారురోడ్డెక్కుటకు ముందు చిన్న కంప్రెసరుతో గాలి నింపుకొనవలెను. బండికే కాదు, బాటకును ఇందువలన మేలు కలుగును. చక్రము జారి గిర్రున తిరిగినప్పుడే మట్టి లేచిపోయి గోతులేర్పడి, తరువాతి వానకు అవి వాగులగును. గేజి, కంప్రెసరు, ఈ రెండింటి ఖరీదును ఎన్నడును వ్యర్థమనుకొనరాదు.

నిట్రమైన దిగుడుల వద్ద బ్రేకుమీద కాలు మోపి కూర్చుండువాడు చక్రములు బిగిసి జారిపోవును. లో రేంజ్‌లో మొదటి గేరు వేసి, ఇంజనే బండిని పట్టి నిలుపునట్లుగా విడిచినచో, ముసలియెద్దు మెట్లు దిగినట్లు అది ఒక్కొక్క అడుగుగా దిగును. ఎక్కునప్పుడు సగములో ఆగిపోయినచో, కొండ కడ్డముగా త్రిప్ప ప్రయత్నించుట మహాప్రమాదము, బండి పొర్లిపోవును. రివర్సు గేరు వేసి వచ్చిన జాడలోనే నిటారుగా వెనుకకు దిగిరావలెను. ఇవి చెప్పుటకు రెండు మాటలే. కాని నా కాలు బ్రేకుమీదికి తనంతట పోకుండుట కలవాటగుటకు నాకు నాలుగు ప్రయాణములు పట్టినవి.

ఆ మధ్యాహ్నము బాట ఏటిలోనికి దిగినది. ఆవలిగట్టున చక్రముల జాడలు స్పష్టముగా కనబడుచున్నవి. తాతగారు బండి ఆపి, బూట్లతోనే, చేతికఱ్ఱతో నీటిలోనికి నడచిరి. దిగబోవు మార్గము నంతయు ముందు కాలినడకన చూడవలెనను నియమము ఆ కొండలలో అందరును పాటింతురు. అయితే ఈ దేశపు ఉత్తరభాగమున మొసళ్ళుండు నదులలో ఆ పని కలలోనైనను చేయరాదు. అంతేకాక, కొండయెక్కి వేడెక్కిన బండి ఇరుసుపెట్టెలు చన్నీట మునిగినప్పుడు లోని గాలి ముడుచుకొని నీటిని పీల్చును. కావున గట్టున కొంతసేపు నిలిపి చల్లార్పవలెను. ఆయన నడుము చేరువ వరకు తడిసి, కఱ్ఱను వడి లాగికొనుచుండగా తిరిగివచ్చి, తల అడ్డముగా ఊపెను. రెండు దినముల క్రిందట పైకొండలలో కురిసిన వాన ఆ యేట దిగుచున్నది.

"ఇంత దూరం వచ్చాం గదా, నెమ్మదిగా పోతే పోదా?" అని మాతో వచ్చిన మా బావమరిది అడిగెను.

"నెమ్మదిగా ఇంటికే పోదాం బాబూ, ఏరు ఎక్కడికీ పోదు" అని మా ఆవిడ బదులు చెప్పినది.

పిల్లలు మొగములు వాడ్చుకొనిరి. నేనును లోలోపల బాధపడితిని, దాచను. కాని చిన్నబండి వానికి, వించి లేనివానికి, ఒంటరి కుటుంబీకునకు భద్రత ఎక్కడ నున్నదని అడిగినచో, వెనుకకు మరలుటలోనే ఉన్నదని చెప్పుదును. అది కాసు ఖర్చులేని సాధనము, దానిని వాడుటకు మాత్రము మనస్సును ముందే సిద్ధపరచుకొనవలెను. మేము గట్టుననే దుప్పటి పరచి భోజనము చేసితిమి.

మానుకొనరాని వానిలో మరియొకటి. దిగబడిన బండిని మరియొక బండితో లాగుటకు సాగునట్టి నైలాను పట్టీని వాడుదురు. దానిని బండి చట్రమునకు గట్టిగా బిగించిన, ఇంత బలమునకని ముద్రవేసిన కొక్కెములకే తగిలింపవలెను. ట్రైలరును తగిలించు ఇనుప గుండునకు తగిలించినచో, అది విరిగి తుపాకిగుండువలె ఎగిరివచ్చి మనుష్యులను చంపిన ఘటనలు ఈ దేశమున జరిగినవి. పట్టీ చవుకరకముది కొనుటకంటె కొనకుండుట మేలు. ఒక పారయు, ఓపికయు, చక్రము క్రింద పెట్టు పలకలును ఉన్నచో సగము కష్టములు గడచును. ఆ లోయలో ఫోను పలుకదు. ఎచ్చటికి పోవుచున్నామో, ఎప్పటికి తిరిగివత్తుమో ఊరిలో ఒకరికి వ్రాసియిచ్చి పోవలెను. ఆపదలో ఉపగ్రహమునకు సంకేతము పంపు చిన్నయంత్రము కొన్నిచోట్ల అద్దెకును దొరకును.

ఇక భోజనము. ఈ విషయమున తెలుగువారికి పుట్టుకతో వచ్చిన భాగ్యమొకటి కలదు: మన తాతముత్తాతల ప్రయాణపు వంటలన్నియు శీతలపేటిక నెరుగని కాలమున పుట్టినవి. చింతపండు పులిహోర ఒకనాడంతయు నిలుచును; గోంగూర పచ్చడి, కందిపొడి, చల్లమిరపకాయలు వారములు నిలుచును. పెరుగునకును పాలకును మాత్రము చల్లదనము కావలెను. అందుకు త్రాగునీటి సీసాలనే గడ్డకట్టించి, ఇచ్చట 'ఎస్కీ' అను మంచుపెట్టెలో పేర్చితిమి. మొదటిదినము అవి మంచు, రెండవదినము అవే మంచినీళ్ళు. రాత్రి తాతగారు పిండియు ఉప్పును నీరును కలిపి ముద్దచేసి, మూతగల దుక్కయినుప పాత్రలో పెట్టి, క్రిందను మీదను నిప్పులు పేర్చి, 'డాంపర్' అను రొట్టె కాల్చిరి. ఆ వేడిరొట్టెను విరిచి గోంగూరతో తినుచు ఆయన కన్నీరు నించుకొని, మరికొంచెము వేయుమని ఆకు చాపిన దృశ్యము మా ఇంట నేటికిని తలచుకొందుము.

నిప్పు మాట గంభీరమైనది. 2009 ఫిబ్రవరి 7వ తేదీన, 'నల్ల శనివారము' అని పేరుపడిన ఒక్కదినపు కార్చిచ్చులకు ఈ రాష్ట్రమున 173 మంది ఆహుతియైరి. ఆ జామాయిల్ ఆకులలోని నూనె మనకు జలుబునకు మందు, అడవికి అదే చిచ్చు. కావున 'టోటల్ ఫైర్ బ్యాన్' ప్రకటించిన దినమున బయలుమంట పెట్టరాదు. తక్కిన దినములలో పొయ్యి కట్టియున్నచోట గాని, ముప్పది సెంటీమీటర్ల లోతు త్రవ్విన గోతిలో గాని, ఒక చదరపు మీటరు మించకుండ, చుట్టును మూడు మీటర్ల మేర ఎండుటాకులు ఊడ్చి రాజవేయవలెను. విడిచి దూరముగా పోరాదు. ఆర్పునప్పుడు మట్టి కప్పుట కాదు, నీరు పోయవలెను. మట్టిక్రింద నిప్పు గంటల తరబడి బ్రతికియుండును.

ఆ కొండలలోనే స్టర్లింగ్ పర్వతమున క్రెయిగ్స్ హట్ అను కొయ్యగుడిసె కలదు. 1982లో విడుదలైన యొక చలనచిత్రమునకై కట్టినది అది; 2006 కార్చిచ్చులో బూడిదయై, మరల నిర్మింపబడినది. దానిని చూచుటకు మేము మరియొక ఏడు పోతిమి. చలికాలమున అట్టి బాటలకు గేట్లు మూయుదురు. జూన్ నడుమ మొదలు అక్టోబరు చివర వరకు, తడిసిన నేల చితికిపోకుండుటకై. అవి తెరచు రోజులును మన కార్తీకమును ఇంచుమించుగా ఒకటే కాలమున వచ్చును. ఉసిరిచెట్టు దొరకదు గాని, గేటు తెరచిన మొదటి వారాంతమున మా తెలుగు కుటుంబములు కొన్ని వనభోజనములకు అచ్చటికే పోవుచున్నవి.

హౌక్వా లోయలో ఆ రాత్రి మంట తగ్గినపిదప తలయెత్తి చూచితిని. చంద్రుడు లేడు. ఆగ్నేయమున త్రిశంకువని మనవారు చెప్పు నాలుగు చుక్కలు వెలుగుచున్నవి. వాయవ్యమున మృగవ్యాధుని వేట తలక్రిందులుగా వ్రేలాడుచున్నది. నడినెత్తిన మాత్రము, తోడులేని యొక తెల్లనితార నిశ్చలముగా జ్వలించుచున్నది. ఎక్కడనో చూచినట్లున్నది, గుర్తు రాదు. తుదకు పోల్చుకొంటిని: అగస్త్యుడు! వానకాలపు చివర తెల్లవారుజామున మా నాయనగారు నన్ను లేపి, దక్షిణమున తాటిచెట్ల తలలమీదుగా చూపిన అగస్త్యనక్షత్రము. మా ఊరిలో అది దిగంతమును విడిచి ఎంతో పైకి లేవదు. వింధ్యను దాటి దక్షిణమునకు వచ్చి మరల పోని ఆ ఋషి ఇచ్చట ఆకాశమధ్యమున కూర్చుండియున్నాడు. పిల్లలను లేపి చూపితిని. వారికి నిద్రమత్తులో ఎంత తెలిసినదో కాని, నేను చాలసేపు అట్లే పండుకొని చూచుచుంటిని. ఏరు మ్రోగుచున్నది.

ఆదివారము ఉదయము కూకాబరాల నవ్వులకు మెలకువ వచ్చినది. గుడారము మడచి, మేము తెచ్చినది గాక ఇతరులు విడిచిన సీసామూతలను సైతము ఏరి సంచిలో వేసితిమి. తాతగారు మా అమ్మాయిచేతికి బొక్కెన ఇచ్చి పొయ్యిలో నీరు పోయించిరి. బుసలు కొట్టి ఆవిరి లేచినది. కఱ్ఱతో కలిపి మరల పోయించిరి, మరల కలిపిరి. మూడవసారి ఆవిరి లేవలేదు. ఆయన మోకాళ్ళపై కూర్చుండి అరచేయి బూడిదలో ఆనించి, తరువాత పిల్లను కూడ ఆనింపుమనిరి. అమ్మాయి జంకుచు వ్రేళ్ళు పెట్టి, పిదప అరచేయంతయు అదిమి, నావైపు తిరిగి, "చల్లగా ఉంది నాన్నా" అన్నది.

అప్పుడు బండి యెక్కితిమి.